రిపోర్టు బాగుందని చెప్పాను

పుట్టపర్తి,
4 జూలై 2025

బావ గంగాధరప్పకు,

తిప్పయ్య రాస్తున్నాను. మా లాడ్జిలో ఆరు గదులకు నాలుగు నిండాయి. మోకాలు నొప్పి తగ్గలేదు. తక్కినదంతా స్వామి దయ.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని మీరు అనుకుంటారు. మొదటిది, మీరు ఫోనులో మాట్లాడరు. శ్రీమంతం అయిన మరునాడు మీతో పదకొండు నిమిషాలు మాట్లాడాను. అందులో మీ వంతు నాలుగు ‘ఊ’లు. లైను తెగిందేమోనని మధ్యలో రెండుసార్లు ‘హలో’ అనవలసి వచ్చింది. రెండోది, మా ఆవిడ మహేశ్వరికి ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడే అలవాటు. మీ అమ్మాయికి శ్రీమంతంలో పెట్టిన చీర సంగతి ఈ వీధిలో పాలవాడికి కూడా తెలుసు. ఇప్పుడు రాయబోయేది పాలవాడికి తెలియకూడదు.

సునందను కాన్పుకు మీ ఇంటికి పంపింది రెండో తేదీన కదా. అంతకు రెండు రోజుల ముందు ఇక్కడి డాక్టరమ్మ, ముప్పై ఆరో వారంలో చేయవలసినదని చెప్పి ఒక పరీక్ష చేసింది. నమూనా ఎక్కడి నుంచి తీశారో నేను రాయను. మహేశ్వరి నా చెవిలో చెప్పింది. నేను ఆ చెవి కడుక్కున్నాను.

నిన్న రిపోర్టు వచ్చింది. మా వాడు దేవేంద్ర కారు తీసుకుని బెంగళూరు విమానాశ్రయానికి పోయాడు కాబట్టి నేనే వెళ్ళాను. ‘గ్రూప్ బి స్ట్రెప్టోకోకస్: పాజిటివ్’ అని ఉంది. అంటే క్రిమి. డాక్టరమ్మ నన్ను కూర్చోమని, “మీరు అమ్మాయికి మామగారా? ఇది జబ్బు కాదండీ. కాకపోతే కాన్పు నొప్పులు మొదలైనప్పుడు...” అని మొదలుపెట్టింది. కోడలి కాన్పు సంగతి మామ కూర్చుని వినడం మా వంశంలో లేదు. లేచి బయటికి వచ్చేశాను. “కాన్పు ఎక్కడ చేస్తారో అక్కడికి ఈ రిపోర్టు తప్పకుండా పంపండి” అని వెనక నుంచి కేక వేసింది. ఏది ఎవరికి ముందు పంపాలో నాకు ఒకరు చెప్పాలా? ముందు పెద్దలకు తెలియాలి. అందుకే మీకు రాస్తున్నాను.

నిండు చూలాలికి చెడ్డ మాట చెప్పకూడదు. దేవేంద్రకు రిపోర్టు బాగుందని చెప్పాను. వాడు సునందకు అదే చెప్పాడు. చీటీ నా బీరువాలో, లాడ్జి దస్తావేజుల కింద భద్రంగా ఉంది. మీరు కూడా మీ ఇంట్లో ఎవరికీ చెప్పవద్దు. ఇది మనిద్దరి మధ్య ఉండవలసిన విషయం.

ఇక అసలు ప్రశ్న. ఈ క్రిమి ఎక్కడిది? చీటీలో ‘గ్రూప్ బి’ అని స్పష్టంగా ఉంది. మా ఇంట్లో అందరిదీ ఓ గ్రూపు రక్తం. బి ఎవరి వైపుదో మీరే ఆలోచించండి. నేను మాట అనడం లేదు. అడుగుతున్నాను.

మీ మంచి కోరే బావ,
తిప్పయ్య

*

గుమ్మఘట్ట,
8 జూలై 2025

తిప్పయ్య బావగారికి,

ఉత్తరం నిన్న అందింది. ఎవరికీ చూపలేదు. షాపులో వైండింగ్ రాగితీగ పెట్టెలో పెట్టాను. నల్లమ్మ ఆ పెట్టె ముట్టదు.

వాన లేదు. శనక్కాయ విత్తనం మూటల్లోనే ఉంది. బోర్లు ఎండుతున్నాయి కాబట్టి కాలిన మోటార్లు రోజుకు రెండు వస్తున్నాయి. ఊరికి కష్టమైన ఏడాది నాకు పని ఎక్కువ. దీనికి సంతోషపడే మనిషిని కాను.

నేను ఐదో తరగతి వరకే చదివాను. తక్కిన విద్య కాలిన మోటార్లను విప్పి నేర్చుకున్నది. కాబట్టి మీరు రాసిన రక్తం సంగతి కూడా విప్పి చూశాను. నాది ఎ గ్రూపు. నల్లమ్మది ఓ. సునందది ఎ. మాలో బి లేదు. పెళ్ళికి ముందు మీరే ఇచ్చిన కాగితంలో దేవేంద్రది బి అని ఉంది. మీ ఇంట్లో అందరిదీ ఓ అయితే అతనికి బి ఎలా వచ్చిందో నేను అడగను.

సునంద పది నెలలు మీ ఇంట్లో ఉంది. మీ నీళ్ళు తాగింది, మీ వంట తిన్నది. ఇక్కడికి వచ్చి ఆరు రోజులు. పరీక్ష ఇక్కడికి రాకముందు చేసినది. నేను కూడా మాట అనడం లేదు.

అమ్మాయి బాగుంది. నిన్న చింతచిగురు పప్పు రెండుసార్లు వేసుకుంది. వాళ్ళమ్మ రిపోర్టు ఏమైందని అడిగితే, “బాగుండాదంటమ్మా” అంది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. ఏమీ అనలేదు.

గంగాధరప్ప

*

పుట్టపర్తి,
11 జూలై 2025

గంగాధరప్ప గారికి,

మీ ఉత్తరం అందింది. ‘అడగను’ అని రాసి అడిగే విద్య మోటార్లు విప్పితే వస్తుందని నాకు తెలియదు.

నా రక్తం బి అని నిన్న తేలింది. ఇరవై ఏళ్ళుగా ఓ అనుకుంటున్నాను. మీ ఉత్తరం మహేశ్వరి కంట పడలేదు కాబట్టి మా ఇల్లు నిలబడింది. అసలు ఆ ‘బి’కి, రక్తానికి సంబంధం లేదని పరీక్షలు చేసే కుర్రవాడు చెప్పాడు. ఆ దారి వదిలేద్దాం.

ఫోనులో వెతికి చూశాను. ఈ స్ట్రెప్టోకోకస్ అనేది గొంతులో ఉండే క్రిమి అని వచ్చింది. గొంతు నుంచి గాలిలోకి, గాలి నుంచి ఎదుటివారికి. శ్రీమంతం నాడు మా వంటమనిషి మీద మీ ఇంటావిడ నల్లమ్మగారు గొంతు ఎత్తి అరగంట మాట్లాడారు. సునంద పక్కనే ఉంది. సాక్షులు ఉన్నారు.

మీరు నీళ్ళ సంగతి ఎత్తారు. మా లాడ్జిలో వచ్చేవారు నానా దేశాలవాళ్ళు. ఇంతవరకు ఒక్కరు కూడా మా నీళ్ళు తాగి మంచం పట్టలేదు. అయినా మీ తృప్తి కోసం మేడ మీద ట్యాంకు కడిగించాను. నమూనా పట్టి పరీక్షకు ఇచ్చాను. ‘హానికర క్రిములు లేవు’ అని రాసి, ముద్ర వేసి ఇచ్చారు. దీనితో పాటు పంపుతున్నాను. ట్యాంకు లోపల నేను నిలబడి ఉండగా తీసిన ఫోటో కూడా ఉంది. మోకాలు నొప్పితో దిగాను. గమనించగలరు.

మీ బోరు నీళ్ళకు ఇలాంటి ముద్ర ఉందా? ఉంటే పంపండి.

తిప్పయ్య

జతపరచినవి: 1. నీటి పరీక్ష పత్రం. 2. ట్యాంకు ఫోటో.

*

గుమ్మఘట్ట,
14 జూలై 2025

తిప్పయ్య గారికి,

నీటి పత్రం అందింది. ఫోటో అందింది. సునంద రిపోర్టు ఆ కవరులో లేదు. రెండుసార్లు దులిపి చూశాను.

మొన్న శనివారం మా ఊరి నర్సు ఎస్తేరమ్మ వచ్చింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో నా మాట ఏమీ ఉండకూడదు. నల్లమ్మ, సునంద అరుగు మీద కూర్చుని విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నారు. నేను గడప దగ్గర ఒక స్టార్టరు బాగుచేస్తున్నాను.

“సునందా, ఆ ఆఖరి పరీక్ష ఏమైందే?” అంది ఎస్తేరమ్మ.

“బాగుండాదంటక్కా.”

“బాగుండాదంటే ఏమి? ఉండాదనా, లేదనా?”

“బాగుండాదని మామ చెప్పినాడంట.”

“మీ మామ ఎప్పుడు డాక్టరైనాడే? నాకు తెలీకపాయె. చీటీ యాడుండాది?”

“పుట్టపర్తిలోనే ఉండాదక్కా.”

“కాన్పు ఈడ, చీటీ ఆడ. బలే ఇచ్చిత్రం!”

అప్పుడు నల్లమ్మ ఆ పరీక్ష దేనికని అడిగింది. ఎస్తేరమ్మ చెప్పింది ఇది: “శానా మంది ఆడోళ్ళ ఒంట్లో ఒక క్రిమి ఉంటాది వదినా. నాకు ఉండొచ్చు, నీకు ఉండొచ్చు. తల్లికి ఏమీ చెయ్యదు. ఎవురి నుంచీ అంటింది కాదు, ఎవురి తప్పూ కాదు. పుట్టేటప్పుడు ఆ దావన వచ్చే బిడ్డకు తగులుకుంటే మాత్రం, ఎప్పుడో ఒకరికి, రక్తంలోకి పోతాది. పసిగుడ్డుకు ఊపిరి ఆడదు. శానా మందికి ఏమీ కాదు గానీ, అయినోళ్ళకు చెప్పనలవి కాదు. దానికి మందు ఉండాది. నొప్పులు మొదలవుతూనే తల్లికి నరంలో ఎక్కించల్ల. కాన్పుకు నాలుగు గంటల ముందే పడితే మంచిది.”

“ముందే మాత్రలు మింగితే పోదా?” అంది సునంద.

“ఇప్పుడు మింగితే కాన్పు నాటికి మల్లా వస్తాది. టయానికి సూదే. అందుకే ముందుగా తెలియల్ల అనేది.” ఆమె నా వైపు తిరిగింది. “ఏమప్పా గంగాధరప్పా, నువ్వేమన్నా విన్నావా మీ వియ్యంకుని నోట?”

నేను కటింగ్ ప్లయర్ కోసం వెతుకుతున్నాను. అది నా చేతిలోనే ఉందని నల్లమ్మ చెప్పింది.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాస్తాను. చీటీ చేతిలో లేకుండా చెబితే, సొంత కూతురి మీద తండ్రే మాట పుట్టించినట్టు ఉంటుంది. చీటీ ఉంటే అది చీటీ చెప్పినట్టు ఉంటుంది. నేను దాన్ని ఎస్తేరమ్మ చేతికి ఇచ్చి పక్కకు తప్పుకుంటాను.

కాబట్టి ఒకటే అడుగుతున్నాను. ఎవరి నీళ్ళు, ఎవరి గొంతు అన్నది కాన్పు తర్వాత ఎంతైనా రాసుకుందాం. మోటారు కాలుతున్న వాసన వస్తే ముందు కరెంటు తీస్తాం. ఎవరు చుట్టిన తీగ అని అప్పుడు చూడం. చీటీ స్పీడు పోస్టులో పంపండి.

గంగాధరప్ప

*

పుట్టపర్తి,
17 జూలై 2025

శ్రీయుత గంగాధరప్ప గారి సన్నిధికి,

మీ ఉత్తరంలో ‘ఎవరి తప్పూ కాదు’ అని ఒక నర్సు చేత చెప్పించారు. చాలా సంతోషం. కానీ రేపు చీటీ మీ చేతికి వస్తుంది. దాని మీద మా ఊరి ఆసుపత్రి పేరు, నా కొడుకు పేరు ఉన్నాయి. కాన్పుకు పోయే రాయదుర్గం ఆసుపత్రిలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? పుట్టపర్తి ఇంటి కోడలికి పుట్టపర్తిలో క్రిమి దొరికింది అనుకుంటారు. మేము బయటివారికి గదులు ఇచ్చి బతికేవాళ్ళం. మాకు పరువే పెట్టుబడి.

అందువల్ల ఒక చిన్న పత్రం తయారు చేయించాను. మా లాడ్జికి వచ్చే వకీలుగారు మాట సాయం చేశారు. ఎవరి పత్రమో ఆయనకు చెప్పలేదు. కుక్క సంగతి అని చెప్పాను. అందులో ఇలా ఉంది:

‘సదరు క్రిమి వరుని ఇంటి నీటి వలన గాని, వంట వలన గాని, గాలి వలన గాని, సదరు ఇంటి ఏ సభ్యుని గొంతు వలన గాని సంక్రమించినది కాదని, ఇందుకు వరుని తరఫువారిని ఇప్పుడు గాని ఇకముందు గాని బాధ్యులను చేయబోమని, పూర్తి స్పృహతో అంగీకరించి వ్రాసి ఇచ్చిన పత్రము.’

మీరు సంతకం చేసి, ఇద్దరు సాక్షుల చేత చేయించి పంపండి. సాక్షులకు విషయం చదివి వినిపించవద్దు. పత్రం అందిన రోజే చీటీ బయలుదేరుతుంది. డాక్టరమ్మ ఇచ్చిన గడువు ఇరవై ఏడో తేదీ. ఇంకా పది రోజులు ఉంది. తొలి కాన్పు ఎప్పుడూ ఆలస్యమే. మహేశ్వరికి పన్నెండు రోజులు ఆలస్యమైంది.

మీరు చెప్పిన సూది సంగతి నిజమే కావచ్చు. డాక్టరమ్మ కూడా అదే చెప్పబోయిందేమో. నేను వినలేదు కాబట్టి నాకు తెలిసినట్టు లెక్క కాదు.

ఇట్లు,
తిప్పయ్య, లాడ్జి యజమాని

జతపరచినవి: 1. ఒప్పుకోలు పత్రం, రెండు ప్రతులు. 2. విభూతి పొట్లం. ఇది అమ్మాయికి. దీనికి, పై విషయానికి సంబంధం లేదు.

*

రాయదుర్గం, ఆసుపత్రి వరండా,
21 జూలై 2025

తిప్పయ్య బావగారికి,

దేవేంద్ర మీకు ఫోనులో చెప్పే ఉంటాడు. ఆడపిల్ల. పంతొమ్మిదో తేదీ శనివారం పగలు పదీ యాభైకి పుట్టింది. రెండు కిలోల ఏడు వందలు. ఫోనులో చెప్పనిది ఇందులో రాస్తున్నాను.

మీ పత్రం పద్దెనిమిదో తేదీ సాయంత్రం అందింది. సంతకం చేద్దామని పెన్ను తీశాను. ఇద్దరు సాక్షులు ఎవరా అని ఆలోచిస్తూ పడుకున్నాను. మరునాడు తెల్లవారి ఆరూ పదికి సునందకు నొప్పులు మొదలయ్యాయి.

నేను రోజూ పుస్తకంలో ఏ పని ఎన్ని గంటలకు చేశానో రాసుకుంటాను. ఆ రోజుది చూసి రాస్తున్నాను.

ఆరూ నలభైకి ఆటో ఎక్కాం. నేను ముందు, డ్రైవరు పక్కన. వెనక సునంద, వాళ్ళమ్మ. దూరం ఎక్కువ కాదు, అయినా గుంతల వల్ల గంట పట్టింది. ఆ గంటలో నేను ఒక్క మాట మాట్లాడలేదు.

ఏడూ నలభైకి ఆసుపత్రి. ఇక్కడి నర్సు అడిగింది, “పరీక్షలు ఏమన్నా చేసినారా? అన్నీ బాగుండాయా?” సునంద పళ్ళు బిగించి చెప్పింది, “అన్నీ బాగుండాయక్కా.” నేను ఆమె వెనక రెండడుగుల దూరంలో సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను. తలుపు మూశారు.

ఎనిమిదీ ఐదుకు మీకు ఫోను చేశాను. చీటీని ఫోటో తీసి పంపమని అడగాలని. మహేశ్వరమ్మగారు ఎత్తారు. “ఏమన్నా, అంతా బాగుండారా?” అన్నారు. ఆమె మాట నాకు రెండుసార్లు వినిపించింది. స్పీకరులో ఉందని తెలిసింది. “ఊ” అన్నాను. పెట్టేశాను.

ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింటి వరకు వరండా చివరిదాకా పోయి వచ్చాను. ఎన్నిసార్లో రాసుకోలేదు. నలుగురు మగవాళ్ళు బెంచీ మీద ఉన్నారు. వాళ్ళ ముందు ఏమని చెప్పాలి, ఏ మాటతో మొదలుపెట్టాలి అని వాక్యం కట్టుకుంటున్నాను. కట్టిన ప్రతిసారి అందులో నా కూతురి పేరు, క్రిమి అన్న మాట పక్కపక్కన వచ్చాయి.

తొమ్మిదీ ఇరవైకి ఎస్తేరమ్మ బస్సు దిగి వచ్చింది. “ఏమప్పా, ఆ చీటీ వచ్చెనా?” అంది. “రాలేదు” అన్నాను. తర్వాత చెప్పాను. “వచ్చేదేముండాది. పాజిటివ్.”

“నీకు ఎవురు చెప్పినారు?”

“వియ్యంకుడు రాసినాడు.”

“ఎప్పుడు?”

“నాకు ఏడో తారీకు అందింది.”

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టడానికి సమయం లేదు. చెప్పులు వదిలి లోపలికి పరిగెత్తింది. ఒక డాక్టరమ్మ బయటికి వచ్చి, “ఎవరండీ పాజిటివ్ అన్నది?” అంది. నలుగురూ నా వైపు చూశారు. “నేనే. కానీ చీటీ లేదు” అన్నాను.

“చీటీ ఎవరికి కావాలి? నోటితో చెప్తే చాలదా?” అంది ఆమె.

బావా, మీరు ఈ మాట రెండుసార్లు చదవండి. మనం పదిహేను రోజులు కొట్టుకున్న చీటీ అవసరమే లేదు. ఎస్తేరమ్మ వచ్చి అడిగిన రోజు నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

తొమ్మిదీ ముప్పై ఐదుకు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పదీ యాభైకి కాన్పు. గంటా పదిహేను నిమిషాలు. నాలుగు గంటలు కావాలి. మేము ఆసుపత్రికి చేరిన వెంటనే చెప్పి ఉంటే మూడు గంటల పైన వచ్చేది. ఇంటి దగ్గర తెల్లవారే చెప్పి, ఎస్తేరమ్మను పిలిచి, మంచి బండి చూసుకుని ఉంటే ఇంకా ముందే. లెక్క ఇంతే.

బిడ్డను రెండు రోజులు కనిపెట్టి చూడాలన్నారు. మొదటి రోజు బాగుంది. నిన్న మధ్యాహ్నం నుంచి పాలు పట్టలేదు. ఊపిరి వేగంగా తీసింది. చిన్నగా మూలిగింది. పిల్లిపిల్ల కూడా అంత చిన్నగా మూలగదు. రక్తం తీసి పరీక్షకు పంపి, లోపల గాజుపెట్టెలో పెట్టి మందులు ఎక్కిస్తున్నారు. ఈ రోజు పొద్దున ఊపిరి కొంచెం నెమ్మదించిందట. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

సునందకు సంగతంతా ఎస్తేరమ్మ చెప్పింది. నేను చెప్పలేదు. అది కూడా నేను చెప్పలేదు. సునంద మీ ఉత్తరాలు అడిగింది. నల్లమ్మను పంపి రాగితీగ పెట్టెలో నుంచి తెప్పించి ఇచ్చాను. నేను మీకు రాసినవి ముందు పుస్తకంలో రాసుకుంటాను కాబట్టి ఆ పుస్తకం కూడా అడిగింది. అన్నీ చదివింది. నీటి పత్రం కూడా చదివింది. ట్యాంకులో మీ ఫోటో చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. ఇరవై ఐదేళ్ళుగా నేను ఇంట్లో మాట్లాడకుండా ఉంటే ఎదుటివారికి ఎలా ఉంటుందో ఈ రెండు రోజుల్లో తెలిసింది.

మీ ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేసి పంపుతున్నాను. ‘పూర్తి స్పృహతో’ అన్న చోట కొట్టివేశాను.

గంగాధరప్ప

*

పుట్టపర్తి,
25 జూలై 2025

బావా,

మహేశ్వరి, దేవేంద్ర అక్కడే ఉన్నారు. నేను రాలేదు. లాడ్జి చూసుకోవాలని చెప్పాను. లాడ్జిలో ఆరు గదులకు ఒకటే నిండింది.

మీ ఉత్తరం అందిన రోజు బీరువా తెరిచి చీటీ తీశాను. ఇన్నాళ్ళూ దాని ముందువైపే చదివాను. వెనకవైపు డాక్టరమ్మ తన చేతితో తెలుగులో రాసింది: ‘నొప్పులు మొదలైన వెంటనే ఆసుపత్రిలో ఈ మాట చెప్పండి.’ తిప్పి చూడలేదు. కోడలి చీటీని అటూ ఇటూ తిప్పి చూడడం మర్యాద కాదనుకున్నాను.

తర్వాత డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఈసారి కూర్చున్నాను. అన్నీ చెప్పింది. లేవలేదు. ఇంతకూ అది ఎవరి నుంచి వచ్చిందని అడిగాను. ‘ఎవరి నుంచీ రాలేదండీ. పేగులో తక్కిన క్రిములు ఎలా ఉంటాయో ఇదీ అలాగే ఉంటుంది. కొన్నాళ్ళు ఉంటుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది’ అంది. నీటి పరీక్ష పత్రం జేబులో ఉండింది, ఇంకో ప్రతి. చూపించలేదు.

ఎవరి ఇంటి తప్పూ కాకపోతే, మీరు సంతకం చేసి పంపిన పత్రం దేనికని? చింపుదామని తీశాను. అది దాచవలసిన కాగితం అనిపించింది. మనలాంటివాళ్ళు ఉంటారని ఎవరికైనా చెబితే నమ్మరు.

నిన్న మహేశ్వరి ఫోను చేసింది. నేను గది కడుగుతున్నాను, చేతులు తడిగా ఉండి స్పీకరులో పెట్టాను. “దుడ్ల బీరువాలో పసిగుడ్డు పానం పెట్టి తాళమేసినావు కదయ్యా! ఇంగ ఆ బీరువాకే తాతవై కూర్చో!” అంది. ఇంకా చాలా అంది. రెండో గదిలో దిగినవాళ్ళు కిటికీ మూశారు. వాళ్ళకు తెలుగు రాదు. అయినా మూశారు.

బిడ్డ ఎలా ఉందో ఆమె చెప్పలేదు. నేను అడిగే ముందే పెట్టేసింది. దేవేంద్ర నా ఫోను ఎత్తడం లేదు. బావా, మీరు మాట్లాడరని నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. ఈ ఉత్తరం అందగానే నాకు ఫోను చేయండి. ‘ఊ’ అన్నా చాలు. బాగుంటే ఒకసారి అనండి.

తిప్పయ్య

*

గుమ్మఘట్ట,
3 ఆగస్టు 2025

నాయనకు, మామకు,

ఇద్దరికీ ఒకటే ఉత్తరం. రెండు ప్రతులు రాశాను. నాయనా, నువ్వు పక్క గదిలోనే ఉన్నావు. అయినా నీకు కాగితం మీద చెబితేనే ఎక్కుతుందని నీ ఉత్తరాలు చదివాక తెలిసింది.

పాప బాగుంది. పది రోజులు మందు ఎక్కించి, ముప్పయ్యో తేదీన ఇంటికి పంపారు. పాలు తాగుతోంది. ఏడుపు గట్టిగా ఉంది. ఏదైనా ఉంటే వీధి చివరకు వినిపించేలా చెబుతుంది. ఈ గుణం రెండు ఇళ్ళలో ఎవరి నుంచి వచ్చిందని ఉత్తరాలు రాసుకోవద్దు. ఇది నా దగ్గర నుంచి.

మీరిద్దరూ నన్ను కాపాడాలనే దాచారని అత్త ఒకసారి అనబోయింది. అమ్మ ఆమె నోరు మూసింది. నేను ఆ ఐదు ఉత్తరాలు, నాయన ఆసుపత్రిలో రాసినది, మూడుసార్లు చదివాను. అందులో నీళ్ళు ఉన్నాయి, గొంతులు ఉన్నాయి, రక్తం గ్రూపులు ఉన్నాయి, కుక్క కూడా ఉంది. నేను చింతచిగురు పప్పు తిన్నానని ఒకచోట ఉంది. నాకు చెబుదామా అన్న మాట ఒక్కచోట కూడా లేదు. చూలాలికి చెడ్డ మాట చెప్పకూడదని మామ రాశాడు. నాకు చెడ్డ మాట చెప్పింది ఎవరో తెలుసా? తొమ్మిదిన్నరకు పరిగెత్తుకొచ్చిన ఎస్తేరక్క. ఆ మాట విని నేను పడిపోలేదు. “అయితే తొందరగా ఎక్కించండక్కా” అన్నాను. అంతే అయింది.

గాజుపెట్టె పక్కన కూర్చుని పాప డొక్కలు ఎగిరెగిరి పడటం నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెట్టాను. అరవై దాటకూడదన్నారు. ఎనభై రెండు వరకు లెక్కపెట్టాను. ఆ లెక్క మీకు రావాలని కోరుకోను. కానీ తెలిసి ఉండాలి.

మీ మీద కోపం పోలేదు. పోయినప్పుడు చెబుతాను. ఊహించుకోవద్దు. దేవేంద్రకు కూడా ఇదే చెప్పాను. వాళ్ళ నాయన బాగుందంటే చీటీ చూడకుండా నాకు బాగుందని చెప్పాడు. ఇకనుంచి నా రిపోర్టు, పాప రిపోర్టు ఏది వచ్చినా కవరు నేనే తెరుస్తాను. మళ్ళీ కాన్పు అంటూ ఉంటే ఆ క్రిమి ఉన్నా లేకపోయినా, పోయినసారి పాపకు ఇలా అయిందని మొదటి రోజే చెప్పాలని డాక్టరమ్మ నాకు చెప్పింది. నాకు. మీకు కాదు.

పాపకు పేరు పెట్టాం. దాని మీద మీరు మళ్ళీ ఉత్తరాలు మొదలుపెట్టకముందే పెట్టాం.

ఈ నెల ముప్పయ్యో తేదీ శనివారం పాపకు టీకాలు. అదే రోజు రాయదుర్గం డాక్టరమ్మ ఒకసారి చూసి చెబుతానంది. నాకు ఒకరు తోడు కావాలి. నాయన రావచ్చు, మామ రావచ్చు. ఇద్దరూ వచ్చినా సరే. డాక్టరమ్మ చెప్పేటప్పుడు లోపలే కూర్చోవాలి. విన్నది విన్నట్టు బయట వరండాలో అమ్మకు, అత్తకు గట్టిగా చెప్పాలి, బెంచీ మీద ఎంతమంది ఉన్నా. చేతనైనవాళ్ళు తొమ్మిదింటికల్లా రండి.

సునంద